ఐదుగురిలో ఐదో ర్యాంకు

మార్చి 4

ఈ పుస్తకం టెన్నిస్ మ్యాచ్ నోట్సు కోసం కొన్నది. ఎడమవైపు ప్రత్యర్థి బలాలు, కుడివైపు బలహీనతలు రాసుకుంటాను. ఇప్పుడు మ్యాచ్‌లు లేవు. మిగిలిన పేజీలు పాడవకుండా రోజూ నాలుగు ముక్కలు రాద్దామనిపించింది. ఎవరికీ చూపించను. అక్కకు అసలే చూపించను.

ప్రత్యర్థి: నా కుడి మోకాలు. బలం: మొండితనం. బలహీనత: ఇంకా దొరకలేదు.

ఆపరేషనయి నేటికి పదకొండు రోజులు. సర్జన్ గారు చాలా విషయాలు చెప్పారు. వాటిలో ముఖ్యమైనది, కుట్లు బాగా మానుతున్నాయట. మే నెల మొదట్లో మట్టి కోర్టు టోర్నీ ఉంది. పేరు ఇచ్చేశాను. అంటే తొమ్మిది వారాలు. మామూలు మనుషులైతే కోలుకోవడానికి తొమ్మిది నెలలు పడుతుందన్నారు. నేను మామూలు మనిషిని కాను. ప్రపంచంలో అరవై ఒకటో ర్యాంకు దాకా వెళ్లినదాన్ని. (పదకొండు రోజులే ఉన్నాను. కానీ వెళ్లాను.)

నొప్పి: లేదు.

మార్చి 6

అక్క నాకు అక్క మాత్రమే కాదు, మేనేజర్ కూడా. నా విమానం టికెట్ల దగ్గర్నుంచి నా అభిప్రాయాల దాకా అన్నీ తనే చూసుకుంటుంది. ఇవాళ వ్యాయామం ఎక్కడ చెయ్యాలో కూడా తేల్చేసింది. నాలుగేళ్ల క్రితం నా పేరు మీద మొదలుపెట్టిన సేవాసంస్థ పిల్లల ఆసుపత్రిలో ఒక వ్యాయామ గది కట్టించింది. అక్కడే.

"అది పిల్లలకి కదక్కా," అన్నాను.

"పెద్దాసుపత్రికి వెళ్తే నువ్వు పేషెంటువి. అక్కడికి వెళ్తే దాతవి. చేసేది అదే వ్యాయామం. ఫోటో వేరు."

ఆలోచిస్తే నిజమే. ప్రారంభోత్సవం తర్వాత నేను ఆ గదికి వెళ్లనే లేదు. పిల్లలు నా కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

మార్చి 9

పిల్లలు నా కోసం ఎదురుచూడటం లేదు.

గది దొరకడానికి పావుగంట పట్టింది. నా పేరున్న బోర్డు కోసం వెతుక్కుంటూ వెళ్లాను. బోర్డు ఉంది. దాని ముందు చక్రాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. నా పేరులో చివరి అక్షరం ఒక్కటే కనిపిస్తోంది.

లోపల ఫిజియో మేడమ్ ఒక చిన్నవాడి మడమ పట్టుకుని కూర్చున్నారు. యాభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, మెడలో ఈల, వడ్రంగికి ఉండాల్సిన చేతులు. నన్ను చూసి లేవలేదు.

"కాగితాలు తెచ్చావా?"

నేను నా పేరు చెప్పాను.

"పేరు కాగితాల మీద ఉంటుందిలేమ్మా. కూర్చో."

ఉన్నవన్నీ పిల్లల స్టూళ్లే. ఒకదాని మీద కూలబడి, వంగని కాలిని గది మధ్యదాకా చాచాను. ఇద్దరు పిల్లలు దాన్ని దాటుకుంటూ పోయారు. ఒకడు రెండోసారి సరదాకి దాటాడు.

బీరువాలో మా సంస్థ పంపిన రాకెట్లున్నాయి. పిల్లల సైజువి, ఎనభై. ఒక్కోదాని మీద నేనే సంతకం పెట్టాను. మణికట్టు రెండు రోజులు పట్టేసింది. ఒక రాకెట్ కిటికీ మూసుకుపోకుండా అడ్డం పెట్టారు. ఇంకోదాని మీద తడి తువ్వాళ్లు ఆరేశారు. చూసి సంతోషమేసింది. వాడుకలో ఉన్నాయి.

గోడ మీద తెల్లబోర్డు ఉంది. ఎవరి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో రోజూ ప్లాస్టిక్ బద్దతో కొలిచి, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు. అంటే ర్యాంకింగే. ఐదు మోకాళ్లు. మొదటిది నూట పద్దెనిమిది. ఐదోది అరవై ఎనిమిది. ఐదోది నాది.

నాకు పైన, డెబ్బై నాలుగుతో, తొమ్మిదేళ్ల పిల్ల. గొడుగు పట్టుకుని గోడ మీంచి దూకితే మెల్లగా కిందికి దిగుతానని లెక్క వేసిందట. తొడ ఎముక విరిగి, రెండు నెలలు కట్టులో ఉండి, ఇప్పుడు మోకాలు బిగుసుకుపోయింది.

"గొడుగు మంచిది కాదు," అని నాతో చెప్పింది.

నొప్పి: లేదు.

మార్చి 10

72. ఐదో స్థానం.

మార్చి 13

వ్యాయామం చెప్పుకోవడానికి చాలా సులువు. బల్ల మీద కాళ్లు చాపి కూర్చుని, మడమకు తువ్వాలు చుట్టి, రెండు చేతులతో లాగుతూ మడమను మన వైపు జరుపుకోవాలి. మోకాలు తనంత తనే వంగుతుంది. నాది వంగలేదు. అందుకని నడుము కాస్త ఎత్తి ముందుకు జరిగాను. రెండు డిగ్రీలు వచ్చేవే.

"మేడమ్! ఆంటీ నడుము ఎత్తింది!"

గొడుగు పిల్ల. బల్ల అవతలి చివర కూర్చుని తన కాలు మానేసి నా కాలు చూస్తోంది.

"ఎత్తలేదు," అన్నాను.

"ఎత్తారు. దుప్పటి మీద ముడత చూడండి. ఇందాక ఇక్కడుంది, ఇప్పుడు అక్కడుంది."

ఇరవై ఏళ్లుగా లైన్ జడ్జీలతో పోట్లాడుతున్నాను. ఇలాంటి చూపు ఒక్కరికీ లేదు. అప్పటికప్పుడు ఆ పిల్లకు అంపైర్ అని పేరు పెట్టాను. కోపంతోనే పెట్టాను. తనకు మాత్రం తెగ నచ్చేసింది. సాయంత్రానికి గదిలో అందరూ అలాగే పిలుస్తున్నారు.

"ఆంటీ అనకు, అక్కా అను," అన్నాను.

"మా అమ్మకి ఇరవై తొమ్మిది. మీకు?"

ముప్పై మూడని చెప్పలేదు. విషయం మార్చాను.

"ఆంటీ, మీకు నొప్పి లేదా?" అని అడిగింది.

"లేదు."

"ఒక్క రవ్వ?"

"ఒక్క రవ్వ కూడా లేదు. ఆటగాళ్లకి నొప్పి తెలీదు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. పిల్లలకు ఆదర్శంగా ఉండటమంటే ఇదే కదా. దీన్ని కూడా సేవలో కలుపుకోవచ్చు.

మార్చి 19

నాలుగో స్థానానికి ఎగబాకాను! 79.

(మొదటి ర్యాంకు అబ్బాయి బాగై ఇంటికి వెళ్లిపోయాడు. వాడి బదులు కొత్తగా నాలుగేళ్లవాడు చేరాడు. వాడిది నలభై. ర్యాంకింగ్ అంటే ర్యాంకింగే.)

మార్చి 22

అంపైర్ 86, నేను 84. ఇవాళ ఆదివారం, గది మూసి ఉంటుంది. తను ఇంట్లో ఆడుకుంటూ ఉంటుంది. ఇదే అవకాశం. పొద్దున రెండు విడతలు, మధ్యాహ్నం మూడు విడతలు చేశాను. రేపు చూసుకుందాం.

మార్చి 23

ఇవాళ వెళ్లలేదు. విశ్రాంతి కూడా శిక్షణలో భాగమే.

మార్చి 24

70.

మోకాలు కొంచెం ఉబ్బింది. కొంచెం అంటే, పాంటు ఎక్కలేదు, గౌను వేసుకుని వెళ్లాను. ఫిజియో మేడమ్ చూసి, "ఆదివారం ఎన్నిసార్లు చేశావు?" అని మాత్రమే అడిగారు.

"మామూలుగానే..."

"తొమ్మిదేళ్ల పిల్లని ఓడించాలనా?"

"అదేం లేదండీ."

"ఇక్కడ ఎవరు ఎవర్నీ ఓడించరమ్మాయ్. ఆ బోర్డు వాళ్ల నిన్నటి అంకె వాళ్లు చూసుకోవడానికి పెట్టాను. పెట్టింది కూడా పిల్లలకి. వాళ్లకి అర్థమైంది."

నాలుగేళ్లవాడు ఇంకా నా కిందే ఉన్నాడు. అదొక్కటే ఊరట.

మార్చి 30

కోచ్ గారు ఫోన్ చేశారు. రోజూ చేస్తారు. నాకు ఎనిమిదేళ్లప్పటి నుంచీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మట్టి కోర్టు మీద ఎలా జారాలి, ఎడమ పాదం ఎప్పుడు వెయ్యాలి, పావుగంట చెప్పారు. మంచం మీద కాలు దిండు మీద పెట్టుకుని, "సరే సార్, సరే సార్," అంటూ విన్నాను.

"మోకాలు ఎలా ఉందమ్మా?"

"బ్రహ్మాండంగా ఉంది సార్."

"నాకు తెలుసు," అన్నారు.

నొప్పి: లేదు.

ఏప్రిల్ 3

అక్క వ్యాయామ గదికి వచ్చింది. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం, పన్నెండో తేదీన విలేకరులను పిలిచిందట. నేను పిల్లలతో టెన్నిస్ ఆడుతూ, మే టోర్నీతో తిరిగి వస్తున్నట్టు ప్రకటించాలి. బీరువా తెరిచి రాకెట్లు లెక్కపెట్టుకుంది. తర్వాత ఫిజియో మేడమ్‌తో మాట్లాడింది.

"పెద్దగా ఏం అక్కర్లేదండీ. పిల్లలు రాకెట్లు పట్టుకుని వరసగా నిలబడితే చాలు."

"నిలబడితే చాలా?" అన్నారు మేడమ్. "అందుకేనమ్మా వాళ్లు ఇక్కడికొచ్చేది."

అక్క బీరువా తలుపు మూసేసి బయల్దేరింది. అక్క వెళ్లాక మేడమ్ నా వైపు తిరిగారు.

"ఆ రాకెట్లు ఎందుకు పంపారు మీరు?"

"పిల్లలకి ఆట మీద ఆసక్తి..." అని మొదలుపెట్టాను. రాకెట్ల కంపెనీ దగ్గర పాత మోడల్ మిగిలిపోయిందని గుర్తొచ్చి ఆగిపోయాను.

"మీకేం కావాలి అని ఒక్కసారి ఫోన్ చేసి నన్ను అడిగారా?"

"ఏం కావాలండీ?"

ఆవిడ గది చివరికి చూపించారు. నడక నేర్చుకునేటప్పుడు రెండు పక్కలా పట్టుకునే ఇనుప కమ్మీలు. పెద్దవాళ్ల ఎత్తువి. నాలుగేళ్లవాడు వాటికి గబ్బిలంలా వేలాడుతున్నాడు.

"నాలుగేళ్ల నుంచి ఇంతే," అన్నారు.

ఈ గది నేను కట్టించిందే అని ఎవరికీ గుర్తు చెయ్యాలనిపించలేదు.

ఏప్రిల్ 7

ఇవాళ అంపైర్ వ్యాయామం చెయ్యనంది. గోడ వైపు తిరిగి పడుకుంది. మేడమ్ పక్కన కూర్చుని వీపు నిమిరారు.

"ఏమైందే?"

"నా కాలు బాగవదు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే తెలిసింది." గోడకే చెబుతోంది. "ఆంటీ ఎంత లాగినా నొప్పి లేదు. నాకు రోజూ నొప్పే. అంటే ఆంటీది బాగవుతోంది, నాది పాడైపోయింది. మీరందరూ నాకు చెప్పట్లేదు."

మేడమ్ నా వైపు చూశారు.

నేను కాలీడ్చుకుంటూ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

"నాకూ నొప్పిగానే ఉంది," అన్నాను.

"అబద్ధం. మీరు నవ్వుతూ చేస్తారు."

"అది నవ్వు కాదు. పళ్లు బిగబట్టడం. దూరం నుంచి నవ్వులా కనిపిస్తుంది."

ఇటు తిరిగింది. "ఎంత నొప్పి?"

"చాలా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్న గురించే మధ్యాహ్నం నుంచీ ఆలోచిస్తున్నాను.

నొప్పి: ఉంది. పొద్దున పాదం నేల మీద పెట్టగానే ఉంది. కూర్చుంటే ఉంది, లేస్తే ఉంది, తుమ్మితే ఉంది. మెట్లు దిగేటప్పుడు ఒకరకంగా, ఎక్కేటప్పుడు ఇంకోరకంగా ఉంది. నిజానికి ఆపరేషన్‌కి ముందు రెండేళ్ల నుంచీ ఉంది.

ఏప్రిల్ 8

అంపైర్ రుజువు కావాలంది.

"నొప్పి ఉంటే అరవండి. అప్పుడు నమ్ముతాను."

నా అరుపుకు ఒక చరిత్ర ఉంది. బంతిని కొట్టేటప్పుడు ఊపిరి గట్టిగా వదలమని కోచ్ గారు చిన్నప్పుడు నేర్పారు. నేను కాస్త ఎక్కువ నేర్చుకున్నాను. ప్రత్యర్థులు ఫిర్యాదులు చేశారు. ఒక పత్రిక సైరన్ అని పేరు పెట్టింది. తువ్వాలు లాగుతూ, రెండేళ్లుగా దాచుకున్నదంతా కలిపి ఒక్క అరుపు అరిచాను.

నాలుగేళ్లవాడి నోట్లోంచి బిస్కట్ కింద పడింది.

"మళ్లీ!" అన్నాడు వాడు.

తర్వాత అందరూ మొదలుపెట్టారు. అంపైర్ లెక్కపెడుతుంది. మూడు అనగానే ఐదుగురం కలిసి లాగుతూ అరుస్తాం. కొలిస్తే అంపైర్‌ది నిన్నటిదాకా 92, ఇవాళ 97.

"ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టి, పళ్లతో పాటు కాలూ బిగబట్టింది," అన్నారు మేడమ్. "నిన్ను చూసే నేర్చుకుంది." తర్వాత ఇటు చూడకుండా, "ఇదీ నిన్ను చూసే," అన్నారు. ఇది మెచ్చుకోలే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 9

పక్కగది వినికిడి పరీక్షల గది అట. అక్కడ పనిచేసే ఆయన మెడలో హెడ్‌ఫోన్లతోనే వచ్చేశారు. పాపం చాలా మర్యాదస్తుడు.

"చెవిలో శబ్దం వినిపించినప్పుడు పిల్లలు చెయ్యెత్తాలండీ. పొద్దుట్నుంచీ అందరూ ఎత్తుతూనే ఉన్నారు. యంత్రం ఆపేసినా ఎత్తుతున్నారు."

ఒప్పందం కుదిరింది. పదకొండు నుంచి పన్నెండు దాకా మేం అరుస్తాం, ఆయన టీ తాగుతారు.

ఏప్రిల్ 12

ఇవాళే ఆ ఆదివారం. మా కోసం గది తెరిచారు. ఇద్దరు విలేకరులు, ఒక కెమెరా ఆయన. అక్క చేతిలో ఐదు రాకెట్లు. మేడమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మా గదిలో రోజూ జరిగేదే జరుగుతుంది. కావాలంటే తీసుకోండి," అన్నారు.

అందుకని నేను పిల్లల మధ్య బల్లమీద కూర్చున్నాను. అంపైర్ లెక్కపెట్టింది. మూడో అంకెకు కెమెరా ఆయన రెండడుగులు వెనక్కి వెళ్లి బీరువాకు కొట్టుకున్నాడు.

చెవులు తేరుకున్నాక ఒక విలేకరి నన్ను అడిగింది. "మేలో టోర్నీకి సిద్ధమేనా మేడమ్?"

అక్క రాసిచ్చిన జవాబు నోటికి వచ్చేసి ఉంది. "పూర్తి విశ్వాసంతో" అని మొదలవుతుంది.

నేను నోరు తెరిచేలోపు అంపైర్ అందుకుంది. "ఆంటీది ఎనభై తొమ్మిదేనండీ. ఆంటీ, టెన్నిస్‌కి ఎన్ని కావాలి?"

"నూట ముప్పై," అన్నాను.

ఆ పిల్ల వేళ్ల మీద లెక్క వేసింది. గదిలో అందరూ ఆగారు. విలేకరి కూడా పెన్ను పట్టుకుని ఆగింది.

"రావు," అంది అంపైర్. జాలి లేదు, కోపం లేదు, గీత బయట పడ్డ బంతిని చూసి చెప్పినట్టు చెప్పింది.

"రావు," అన్నాను నేను.

వెనకాల రాకెట్లు నేలమీద పడిన చప్పుడైంది.

ఏప్రిల్ 13

అక్క ఇవాళ వచ్చి నా మంచం చివర కూర్చుంది.

"నాకు చెప్పాలి కదే."

"నువ్వు అడగలేదు."

"అడిగితే చెప్తావేమోనని అడగలేదు."

తనకు ఇరవై ఆరేళ్లప్పుడు అక్క ఉద్యోగం మానేసి నా సూట్‌కేసులు పట్టుకుంది. ఆ విషయం నేనెప్పుడూ రాసుకోలేదు. తనూ ఎప్పుడూ అనలేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలే?" అంది. మేనేజర్ గొంతు కాదు. చిన్నప్పుడు బస్సు తప్పిపోయినప్పటి గొంతు.

"కమ్మీలు," అన్నాను.

"ఏం కమ్మీలు?"

చెప్పాను. వింటూ వింటూ ముక్కు తుడుచుకుని, సంచిలోంచి పెన్ను తీసింది. "ఎంత ఎత్తు?"

ఏప్రిల్ 15

మొదటి పేజీలో 'సర్జన్ గారు చాలా విషయాలు చెప్పారు' అని రాశాను. ఆయన చెప్పింది ఇది. మోకాలి లోపలి మెత్తటి పొర చాలావరకు అరిగిపోయింది. నడుస్తారు, మెట్లెక్కుతారు, సరదాకి ఆడుకుంటారు. వృత్తిగా ఆడటం ఇక కుదరదు.

ఆయన రెండుసార్లు చెప్పారు. నేను రెండుసార్లూ "అలాగేనండీ" అని, కుట్ల గురించి అడిగాను.

ఏప్రిల్ 18

టోర్నీ నుంచి పేరు వెనక్కి తీసుకున్నాను. కోచ్ గారింటికి వెళ్లి చెప్పాను. ఎలా చెప్పాలో దారంతా సాధన చేసుకున్నాను.

"నాకు తెలుసమ్మా," అన్నారు. "ఆపరేషన్ రోజే సర్జన్ గారు నాకూ చెప్పారు."

"మరి రోజూ ఫోన్ చేసి పాదం ఎలా వెయ్యాలో చెప్పారేంటి సార్?"

"ఆపేస్తే నువ్వు బాధపడతావని."

"మీరు బాధపడతారనే నేను వింటూ వచ్చాను సార్!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఆయన నవ్వారు. తర్వాత కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. అద్దాలు అంత మురికిగా ఏమీ లేవు.

"అయినా నీ ఎడమ పాదం ఎప్పుడూ ఆలస్యమే," అన్నారు.

ఏప్రిల్ 22

కొత్త కమ్మీలు వచ్చాయి. రెండు వేళ్లు ఎత్తు ఎక్కువున్నాయని అక్క తిప్పి పంపించేసింది. ఫిజియో మేడమ్ అక్కకు టీ ఇచ్చారు. నాకు ఇంతవరకూ ఇవ్వలేదు.

ఏప్రిల్ 30

అంపైర్ 121. నేను 104. మేడమ్ గుడ్డ ఇస్తే అంపైర్ వెళ్లి బోర్డు మీద తన పేరు తనే తుడిచేసింది. ఇక రానక్కర్లేదు. వాళ్ల నాన్న చెప్పులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మ్యాచ్ అయ్యాక ప్రత్యర్థితో చెయ్యి కలపాలని నేర్పాను. కలిపింది. గట్టిగానే పట్టుకుంది.

"మళ్లీ గోడ మీంచి దూకుతావా?"

"గొడుగుతో దూకను," అంది.

వాళ్ల నాన్న మొహం చూడాల్సింది.

తను వెళ్లాక నాకు రెండో ర్యాంకు వచ్చింది. ఇంటికొచ్చి అన్నం తినాలనిపించలేదు.

మే 8

ఇక ఈ గది నీకు అవసరం లేదు, పెద్దవాళ్ల జిమ్‌కి వెళ్లి చేసుకో అన్నారు మేడమ్. హాజరు పుస్తకంలో నా చివరి సంతకం పెట్టించుకున్నారు. సరేనండీ అన్నాను.

మే 11

పదింటికి వెళ్లాను.

"ఎందుకొచ్చావు?" అన్నారు మేడమ్.

"ఊరికే."

"ఊరికే వచ్చినవాళ్లకి ఇక్కడ చాలా పనుంటుంది. చేతులు కడుక్కుని రా."

బల్ల మీద ఒక కొత్త పిల్ల ఉంది. ఐదేళ్లుంటాయి. పొద్దునే కట్టు విప్పారట. కాలు పుల్లలా, పాలిపోయి ఉంది. దాన్ని రెండు చేతులతో కప్పుకుని కూర్చుంది. మేడమ్ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, మడమ కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించారు. రాకెట్ పట్టుకున్నట్టు పట్టుకోకు, నీళ్లు పట్టుకున్నట్టు పట్టుకో అన్నారు. చెప్పేసి అవతలి బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు నొప్పి పెడతావా?"

"పెడతాను," అన్నాను.

"ఎంత?"

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త జాగా వదిలి చూపించాను. ఆ పిల్ల ముందుకు వంగి చూసింది. తర్వాత తన రెండు చేతులతో నా వేళ్లు పట్టుకుని, దగ్గరికి నొక్కి, సగం చేసింది.

"సరే," అన్నాను.

అప్పుడు కాలు చాపింది.